వెనక వచ్చేవాడి కోసం ఒక దీపం

(మన బడి స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1985 పదో తరగతి బ్యాచ్. పొద్దుటి నుంచి మంచి మంచి జ్ఞాపకాలు విన్నాం. నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు మన సంఘం కార్యదర్శి గారు ఒక షరతు పెట్టారు. "జ్ఞాపకాలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. నువ్వు నీ వృత్తిలోంచి అందరికీ పనికొచ్చేది ఒకటి చెప్పు" అన్నారు. నా వృత్తి బండ్ల వైరింగు. పాతికేళ్ళకు పైగా చెన్నైలో అదే పని. అందులోంచి ఒక చిన్న వస్తువు గురించి చెబుతాను.

కారు వెనక అద్దం మధ్యలో, బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వెలిగే ఎర్ర దీపం మీరంతా చూసే ఉంటారు. రెండు పక్కలా ఉండే బ్రేకు లైట్లు కాక ఇది మూడోది. ఇప్పుడొస్తున్న కార్లకు అది ఉంటుంది. పాత కార్లలో చాలావాటికి ఉండదు. ఇందాక లోపలికి వస్తూ మన గ్రౌండులో నిలిపిన కార్లు చూశాను. పదకొండు కార్లకు ఆ దీపం లేదు. ఆ పదకొండింటి యజమానులతోనే నా మాటలు ముఖ్యంగా.

ఇది నాకు పుస్తకంలో విషయం మాత్రమే కాదు. రెండేళ్ళ క్రితం సంక్రాంతికి మా అక్కయ్య, బావగారు కారులో మా ఇంటికి వస్తున్నారు. బావగారిది 1997 నాటి కారు, ప్రాణంలా చూసుకుంటారు. చీకటి పడ్డాక హైవే మీద కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు వేశారు. బ్రేకు చక్కగా పడింది, కారు ఆగింది. వెనక వస్తున్న చిన్న వ్యాను ఆగలేదు. వెనక సీట్లో కూర్చున్న మా అక్కయ్య మెడకు దెబ్బ తగిలింది. నాలుగు నెలలు పట్టీ వేసుకుని తిరిగింది. ఇప్పటికీ ఎడమ వైపు పూర్తిగా తిరిగి చూడలేదు.

తర్వాత నేను ఆ కారు చూశాను. కుడివైపు బ్రేకు బల్బు లోపల నల్లబడి ఉంది, అది పోయి చాలా రోజులైంది. ఎడమవైపుది పనిచేస్తోంది. ఆ వ్యాను నడిపిన కుర్రాడు అన్న మాట మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది. "లైటు కనబడింది సార్. కానీ హెడ్‌లైట్లు వేసుకున్నారు కదా, వెనక ఎప్పుడూ వెలిగే ఎర్ర లైటే అనుకున్నాను" అన్నాడు. మూడో దీపం ఉంటే ఆ ప్రమాదం తప్పేదని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఆ కుర్రాడు చెప్పింది సాకు కాదు. అదే అసలు సమస్య.

పాత కార్లలో సాధారణంగా వెనక ఒకే గాజు బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి 5 వాట్లు, రాత్రి హెడ్‌లైట్లు వేసినప్పుడు వెలిగేది. రెండోది 21 వాట్లు, బ్రేకు తొక్కినప్పుడు వెలిగేది. రెండూ ఒకే ఎర్ర అద్దం వెనక నుంచే వెలుగుతాయి. అంటే రాత్రిపూట బ్రేకు తొక్కితే కొత్తగా దీపమేదీ వెలగదు. ఉన్న దీపమే కొంచెం ప్రకాశవంతం అవుతుంది. రెండు పక్కలా ఒకేసారి వెలుగు పెరిగితే కన్ను పసిగడుతుంది. ఒకటి మాడిపోయి, రెండోదాని అద్దం ఎండకు వెలిసిపోయి ఉంటే, అలసిన డ్రైవరు కంటికి తేడా తెలియదు.

మూడో దీపం ఈ చిక్కు విప్పుతుంది. దానికి వేరే పని లేదు. రాత్రి లైటుగా వెలగదు, ఇండికేటరులా మిణుకదు. అది వెలిగిందంటే ఒకటే అర్థం, ముందువాడు బ్రేకు మీద కాలు పెట్టాడు. పైగా అది ఎత్తులో, మధ్యలో, వెనకవాడి చూపు ఆనే చోటే ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. మన వెనక కారు అద్దాల్లోంచి ఆ వెనకున్న మూడో కారువాడికి కూడా అది కనబడుతుంది. కింద ఉన్న లైట్లు వాడికి కనబడవు.

ఇక్కడ మన లెక్కల మాస్టారి సంగతి చెప్పాలి. ఆయన ముందు వరసలోనే ఉన్నారు, ఆయన అనుమతితోనే చెబుతున్నాను. ఆయన దగ్గర పాత మారుతి 800 ఉంది. దానికి ఈ దీపం పెడతానని కిందటి నెల వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని అన్నారు కదా, "ఏరా, నా బ్రేకులు బాగానే పడుతున్నాయి. ఇన్నేళ్ళలో ఒక్క గీత పడలేదు. ఇప్పుడు దీని నుదుటికి ఈ బొట్టెందుకురా?"

"బ్రేకు పడిందని మీకు తెలుస్తుంది మాస్టారూ. వెనకవాడికి తెలియాలి కదండీ" అన్నాను.

"అంటే ఇది నాకు కాదు, వాడికన్నమాట."

"వాడికేనండీ. కానీ వాడికి తెలియకపోతే దెబ్బ తగిలేది మీకు."

ఆయన కాసేపు ఆలోచించి లెక్కల మాస్టారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. "సరే, ఎంత శాతం ఉపయోగం? అంకె చెప్పు."

అంకె చెప్పాను. 1970ల్లో అమెరికాలో జాన్ వోవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త శాన్ ఫ్రాన్సిస్కో టాక్సీల మీద ఒక ప్రయోగం చేశాడు. 343 టాక్సీలకు వెనక మధ్యలో అదనంగా ఒక బ్రేకు దీపం పెట్టాడు. పోల్చి చూడటానికి 160 టాక్సీలను ఉన్నవి ఉన్నట్టే వదిలేశాడు. దీపం పెట్టిన టాక్సీలకు వెనక నుంచి తగిలిన దెబ్బలు 60.6 శాతం తగ్గాయి. 1974లో ఆ ఫలితాలు ప్రచురించాడు. తర్వాత అక్కడి రహదారి భద్రతా సంస్థ పెద్ద ఎత్తున మళ్ళీ ప్రయోగాలు చేయించింది. వాటిలోనూ దాదాపు సగం తగ్గాయి. దాంతో 1985 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే ప్రతి కొత్త కారుకూ ఈ దీపం తప్పనిసరి చేశారు. మా బ్యాచ్ పదో తరగతి పాసయిన ఏడాదే అది.

మాస్టారు సంతోషించారు. నేను అక్కడితో ఆగలేదు. అదే సంస్థ ఈ దీపాలు దేశమంతా వచ్చాక మళ్ళీ లెక్క తీసి 1998లో నివేదిక ఇచ్చింది. 1987లో తగ్గుదల 8.5 శాతం. 1989 నుంచి 1995 మధ్య అది 4.3 శాతం దగ్గర స్థిరపడింది.

మాస్టారు కళ్ళద్దాలు తీసి, "అరవై కాస్తా నాలుగైతే ఎక్కడో లెక్క తప్పిందిరా" అన్నారు.

లెక్క తప్పలేదు. సంస్థ చేయించిన ప్రయోగాల్లో ముందు బండి బ్రేకు వేసిన సందర్భాలనే లెక్కలోకి తీసుకున్నారు. తర్వాత వెనక నుంచి తగిలిన దెబ్బలన్నిటినీ తీసుకున్నారు. ఆగి ఉన్న బండిని గుద్దినప్పుడు బ్రేకు దీపం ఏం చేయగలదు? తేడాలో కొంత అదీ. మిగతాది అలవాటు. పది కార్లలో ఒకదానికే ఆ దీపం ఉంటే కన్ను దాని మీదికే పోతుంది. పదింటికీ ఉంటే అది మామూలైపోతుంది. కొత్త మాస్టారి బెత్తానికి ఉన్న భయం మూడో నెలకి ఉండనట్టే.

నాలుగు శాతమంటే చిన్నదా? ఆ 1998 నివేదిక ప్రకారం, రోడ్డు మీద ఉన్న కార్లకూ చిన్న ట్రక్కులకూ అన్నిటికీ ఈ దీపం వచ్చేసరికి ఒక్క అమెరికాలో ఏడాదికి 1,94,000 నుంచి 2,39,000 ప్రమాదాలు తప్పుతాయి, 58,000 నుంచి 70,000 మంది గాయపడకుండా బయటపడతారు. దానికయ్యే ఖర్చు ఒక బల్బు, నాలుగు గజాల వైరు. మా వృత్తిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసిన వస్తువులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నాలుగు శాతం తీసేయదగిన అంకె కాదు. ఆ నాలుగు మందిలో మన అక్కయ్య ఉంటే అది నూటికి నూరు.

ఇంజనీరుగా నేను రెండు అంకెలూ చెప్పడానికి కారణం ఉంది. అరవై అని మాత్రమే చెప్పి దీపం అమ్మేవాళ్ళుంటారు. నాలుగే కదా అని మానేసేవాళ్ళూ ఉంటారు. ఇద్దరి మాటా వినకండి. ఈ దీపం రక్ష కాదు, తాయెత్తు కాదు. ఒక సమాచారం, అంతే. అది కొంచెం ముందుగా, స్పష్టంగా అందితే చాలు.

కొంచెం ముందుగా అంటే ఎంతో ఈ బడిలో నేర్చుకున్న లెక్కతోనే చెబుతాను. దూరం ఈజీక్వల్టు వేగం ఇంటూ కాలం. మామూలు బల్బులో ఫిలమెంటు వేడెక్కి పూర్తి వెలుగు ఇవ్వడానికి సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఎల్ఈడీకి ఆ ఆలస్యం లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్ల పైచిలుకు. అందులో ఐదో వంతు దాదాపు నాలుగున్నర మీటర్లు. మాస్టారి మారుతి 800 పొడవు మూడు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్ల చిల్లర. అంటే పాత కారుకు ఎల్ఈడీ దీపం పెడితే, వెనకవాడికి ఒక కారు పొడవు కంటే ఎక్కువ దూరం ముందే కబురు అందుతుంది. దెబ్బ తగలడానికీ తగలకపోవడానికీ మధ్య చాలాసార్లు ఉండేది అంత దూరమే.

ఇక పెట్టించుకునే పద్ధతి. మన సావనీరు చదివి మెకానిక్ దగ్గరికి వెళ్ళేవాళ్ళకు ఉపయోగపడేలా వివరంగా చెబుతాను.

మొదట ఉన్న రెండు లైట్లు బాగుచేయించండి. రెండు కళ్ళూ మసకబారితే మూడో కన్ను పెట్టి లాభం లేదు. రాత్రిపూట కారు వెనక భాగాన్ని గోడకు దగ్గరగా పెట్టి బ్రేకు తొక్కి అద్దంలో చూడండి. గోడ మీద రెండు పక్కలా ఎరుపు సమానంగా పడాలి. బ్రేకు తొక్కగానే రాత్రి లైటు తగ్గడం గానీ, ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు ఊగడం గానీ జరిగితే, ఎర్తు సరిగ్గా లేదని అర్థం. హోల్డరు దగ్గర తుప్పు గీకి, ఎర్తు వైరు బిగిస్తే చాలావరకు బాగవుతుంది.

తర్వాత దీపం ఎంపిక. 21 వాట్ల మామూలు బల్బు పెడితే అదనంగా ఒకటి ముప్పావు ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మూడు వాట్ల ఎల్ఈడీకి పావు ఆంపియరు చాలు. పాత వైర్లకు, పాత స్విచ్‌కు ఎల్ఈడీయే మేలు. ఏది పెట్టినా ఫ్యూజు మాత్రం పెద్దది వేయించకండి. ఫ్యూజు పదేపదే పోతోందంటే ఎక్కడో వైరు ఒరుసుకుపోయిందని. పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి? డిక్కీలో బ్రేకు లైటుకు వచ్చే వైరు నుంచే. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు టెస్ట్ ల్యాంపుతో చూడాలి. కాలు పెడితే వెలిగి, తీస్తే ఆరిపోయే వైరు అది. మిగతావన్నీ కాదు. అతుకు టంకం వేసి, పైన వేడికి బిగుసుకునే స్లీవు తొడిగించండి. వైర్లు మెలిపెట్టి టేపు చుడితే, మన రోహిణి కార్తె ఎండకు ఆ జిగురు కరిగి ఊడిపోతుంది. రేకు కన్నంలోంచి వైరు పోయే చోట రబ్బరు బుష్ ఉండాలి. డిక్కీ తలుపు తెరిచి మూసే చోట వైరు కొంచెం వదులుగా ఉంచాలి. ఎర్తు వైరును రంగు గీకిన రేకుకు స్క్రూతో బిగించి, పైన కాస్త గ్రీజు రాయించండి.

దీపం స్థానం వెనక అద్దం మధ్యలో, లోపలి వైపు. పైనైనా ఫరవాలేదు, కిందైనా ఫరవాలేదు. వైపరు గానీ, స్పీకర్లు గానీ, దేవుడి స్టిక్కరు గానీ అడ్డు రాకూడదు. నల్ల ఫిలిం ఉంటే దీపం పెట్టినా పెట్టనట్టే. దీపం అంచు అద్దానికి ఆనేలా నల్ల రబ్బరు పట్టీ ఉండాలి. లేకపోతే ఆ ఎరుపు అద్దం మీద పడి తిరిగి మీ కళ్ళలోకే వస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఈ దీపం ఎర్రగా, నిలకడగా వెలగాలి. మిణుకుమిణుకుమనేవి, నీలం రంగువి, అటూఇటూ పరిగెత్తేవి షాపుల్లో చాలా దొరుకుతాయి. అవి అలంకారాలు. బ్రేకు దీపానికి ఒకే అర్థం ఉండాలి, అందుకే దాన్ని పెడుతున్నాం. దాన్ని ఇంకో అర్థంలో కలిపేస్తే ఉన్న లాభం పోతుంది.

పెట్టాక మూడు పరీక్షలు చేయండి. హెడ్‌లైట్లు వేస్తే అది వెలగకూడదు. ఇండికేటరు వేస్తే వెలగకూడదు. బ్రేకు తొక్కితే మూడూ ఒకేసారి వెలిగి, కాలు తీయగానే మూడూ ఆరిపోవాలి. ఆరకుండా ఉండిపోతే పెడల్ దగ్గరున్న స్విచ్ సరిచేయాలి. కొన్ని మరీ పాత కార్లలో ఆ స్విచ్ పెడల్ దగ్గర కాక బ్రేకు ఆయిల్ పైపు మీద ఉంటుంది. అలాంటి కార్లలో బ్రేకు తొక్కినా లైట్లు ఆలస్యంగా వెలుగుతున్నాయంటే ముందు ఆ స్విచ్ మార్పించండి.

అమెరికా నుంచి వచ్చిన మిత్రులు కూడా ఉన్నారు. మీలో పాత అమెరికన్ కార్ల మీద ముచ్చటపడేవాళ్ళకు ఒక హెచ్చరిక. వాటిలో కొన్నిటికి బ్రేకుకూ ఇండికేటరుకూ ఒకే ఫిలమెంటు. అక్కడ వెనక నుంచి వైరు తీస్తే మీరు మలుపు తిరిగినప్పుడల్లా మూడో దీపం మిణుకుతుంది. వాటికి పెడల్ స్విచ్ దగ్గరే, ఇండికేటరు స్విచ్‌కు చేరక ముందే వైరు తీసుకోవాలి. అలాగే ఈ మధ్య వచ్చిన కార్లలో లైట్లన్నిటినీ కంప్యూటరు కనిపెడుతూ ఉంటుంది. వాటి వైర్లను కత్తిరించకండి. నేను చెబుతున్నది పాత, తేలిక వైరింగు ఉన్న కార్ల గురించే.

మన ఊరి సంగతికి వస్తాను. మన బడి రోడ్డు పదహారో నంబరు జాతీయ రహదారి మీద కలుస్తుంది. మా చిన్నప్పుడు దాన్ని ఐదో నంబరు అనేవాళ్ళం. అప్పుడు దాని మీద సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాళ్ళం. ఇప్పుడు అదే చోట లారీలు, బస్సులు వేగంగా వస్తుంటే, బడి వైపు తిరగాలనుకున్న ప్రతి బండీ వేగం తగ్గించాలి. ఆ బండ్లలో మాస్టార్ల కార్లుంటాయి, పిల్లల వ్యాన్లుంటాయి, పత్తి తెచ్చే ట్రాక్టరు ట్రక్కులుంటాయి. ట్రక్కులకైతే వెనక ఒక్క లైటూ ఉండదు. వాటికి మూడో దీపం మాట దేవుడెరుగు, ముందు వెనక ఎర్రగా మెరిసే రిఫ్లెక్టరు టేపు అంటించినా చాలా మేలు. మనలో రైతులున్నారు. ఆ మాట మీరు చెబితే వింటారు, నేను చెబితే వినరు.

సంఘానికి నాదొక మనవి. స్వర్ణోత్సవాలకు గుర్తుగా ఆర్చీ కట్టాలని, శిలాఫలకం పెట్టాలని అనుకున్నాం. సంతోషం. దాంతోపాటు వచ్చే ఆదివారం మన గ్రౌండులో ఒక పూట పాత కార్ల లైట్లు ఉచితంగా చూద్దాం. ఐటీఐ చదివిన మన బడి కుర్రాళ్ళు ఆరుగురు వస్తామన్నారు. దీపాలు, వైర్లు నేను తెస్తాను. రిఫ్లెక్టరు టేపు ఖర్చు మా 1985 బ్యాచ్‌ది. ముందు రిటైరైన మాస్టార్ల కార్లు, తర్వాత పిల్లల వ్యాన్లు, ఆ తర్వాత మనవి.

మన బ్రేకు మన ప్రాణం కాపాడుకోవడానికి. మన బ్రేకు దీపం ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి సకాలంలో కాలు కదపడానికి. మన ఖర్చుతో వాడి కంటికి సాయం చేస్తే, ఆ సాయం తిరిగి మన వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకే అందుతుంది. ఇంతకంటే నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఆదివారం దాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. సభ అయ్యేసరికి చీకటి పడుతుంది. బయల్దేరే ముందు ఒకరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కండి, ఇంకొకరు వెనక నిలబడి చూడండి. ఒక్క నిమిషం పని. ఎడమ, కుడి రెండూ వెలుగుతున్నాయని మీ మిత్రుడు చెప్పాకే గేటు దాటండి. వెలగకపోతే నాకు చెప్పండి, నా డిక్కీలో బల్బులు, టెస్ట్ ల్యాంపు ఉన్నాయి. అందరూ వెళ్ళేదాకా గేటు దగ్గరే ఉంటాను.